మిల్లు పిల్లల పక్షాన నిలిచిన షాఫ్ట్స్‌బరీ

లండన్ నగరానికి దగ్గర్లో హారో అనే ఊళ్లో ఒక గుట్ట మీద పెద్ద బడి ఉంది. ఇంగ్లండులో గొప్పింటి పిల్లలు చదువుకునే బడి అది. సుమారు రెండు వందల ఏళ్ల క్రితం ఒక రోజు ఆ బడి కుర్రవాడొకడు గుట్ట దిగి వస్తుంటే పక్క సందులోంచి కేకలు, పాటలు వినిపించాయి. ఏదో సంబరం అనుకున్నాడు. తీరా సందు మలుపు తిరిగి వచ్చింది ఒక శవపేటిక. నలుగురైదుగురు తప్పతాగి, తూలుతూ దాన్ని మోసుకొస్తున్నారు. మలుపు దగ్గర పట్టు తప్పి పెట్టె దబ్బున కింద పడింది. మోసేవాళ్లు ఒకర్నొకరు బూతులు తిట్టుకున్నారు. వెనక ఏడుస్తూ వచ్చే మనిషి ఒక్కరూ లేరు. చనిపోయినవాడు పేదవాడు, నా అన్నవాళ్లు లేనివాడు. అందుకే అతనికి ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఆ కుర్రవాడు అక్కడే నిలబడిపోయాడు. దేవుడు సాయం చేస్తే తన జీవితాన్ని ఇలాంటి దిక్కులేని వారి కోసం ఖర్చుపెట్టాలని ఆ రోజే మనసులో నిశ్చయించుకున్నాడు. ముసలితనంలో ఆయనే ఈ సంగతి చెప్పుకున్నారు. ఆ కుర్రవాడి పేరు ఆంథొనీ ఆష్లీ కూపర్. తండ్రి బతికున్నంత కాలం లోకం ఆయన్ను లార్డ్ ఆష్లీ అని పిలిచింది. 1851లో తండ్రి పోయాక ఏడవ షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ అయ్యారు.

మేము సెమినరీలో సంఘ చరిత్ర చదువుకున్నప్పుడు బానిస వ్యాపారాన్ని ఆపించిన విల్బర్‌ఫోర్స్ గురించి పూర్తిగా ఒక పాఠం ఉండేది. షాఫ్ట్స్‌బరీ మాత్రం రెండు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోయేవారు. ఫ్యాక్టరీ కూలీ పని గంటలు వేదాంతానికి సంబంధించిన విషయంగా తోచకపోవడమే దానికి కారణమై ఉంటుందని మా అభిప్రాయం. కానీ ఆయనకు అది అచ్చంగా విశ్వాసానికి సంబంధించిన విషయమే.

ఆయన 1801 ఏప్రిల్ 28న లండన్‌లో పుట్టారు. ఇంట్లో సంపద ఉంది గానీ ప్రేమ లేదు. తల్లిదండ్రులు విందులు, రాజకీయాల్లో మునిగిపోయి పిల్లల్ని పట్టించుకునేవారు కాదు. అంత పెద్ద ఇంట్లో ఆ పిల్లలు ఆకలితో, చలితో పడుకున్న రాత్రులున్నాయి. తండ్రి అడుగుల చప్పుడు వింటేనే వణికిపోయేవారు. ఆ ఇంట్లో చిన్న ఆష్లీని దగ్గరకు తీసుకున్నది ఒక్క పనిమనిషి, మరియా మిల్లిస్. ఆమే బైబిలు కథలు చెప్పింది, మోకరించి ప్రార్థన చేయడం నేర్పింది. ఆ ప్రార్థన మాటల్నే ఆయన ముసలివాడయ్యాక కూడా చేసుకునేవారు. ఏడేళ్లకు ఆయన్ను చిస్విక్‌లోని ఒక బడిలో వేశారు. దెబ్బలు, మురికి, ఏడిపించే పెద్ద పిల్లలు. ఆ కాలంలోనే మరియా చనిపోయింది. తన బంగారు గడియారాన్ని ఆ పిల్లవాడికి రాసిచ్చింది. ఆయన జీవితమంతా ఇంకో గడియారం పెట్టుకోలేదు. తనకు లోకంలో దొరికిన అత్యుత్తమ స్నేహితురాలు ఇచ్చిందని అడిగినవారికి చెప్పేవారు. ఒక ఎర్ల్ కొడుకు, తన ఆత్మీయ తల్లి ఒక పనిమనిషి అని జీవితాంతం చెప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆక్స్‌ఫర్డులో 1822లో మొదటి తరగతిలో పట్టా పొంది, 25 ఏళ్లకే 1826లో పార్లమెంటులో అడుగుపెట్టారు. మొదట చేతికొచ్చిన పని మతిస్థిమితం లేనివారిని గొలుసులతో కట్టేసి ఉంచే ఆసుపత్రుల సంస్కరణ. ఆ పని ఆయన చివరి వరకు, అంటే యాభై ఏళ్లకు పైగా చేశారు. అదొక్కటే ఒక మనిషి జీవితానికి సరిపోయేది. కానీ మేము చెప్పదలచింది ఫ్యాక్టరీల సంగతి.

ఆ రోజుల్లో ఇంగ్లండు ఉత్తర ప్రాంతాల్లో, లాంకషైర్‌లో నూలు మిల్లులు, యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లులు వేల సంఖ్యలో పుట్టుకొస్తున్నాయి. ఆవిరి యంత్రం వచ్చాక యంత్రానికి రాత్రీ పగలూ తేడా లేకుండా పోయింది. దాని పక్కన నిలబడేవాళ్లకూ అదే గతి పట్టింది. పోగు తెగితే చటుక్కున ముడివేయడానికి చిన్న వేళ్లు కావాలి. తిరిగే యంత్రం కిందకు దూరి రాలిన దూదిని ఊడవడానికి చిన్న ఒళ్లు కావాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలు అందుకు పనికొచ్చారు. ఉదయం అయిదారు గంటలకు లోపలికి వెళితే రాత్రి ఏడెనిమిది దాటాక బయటకు వచ్చేవారు. గిరాకీ ఎక్కువున్న రోజుల్లో ఇంకా ఆలస్యం. నిద్రతో తూలితే మేస్త్రీ చేతిలో తోలు పట్టా ఉండేది. తెల్లవారకముందే నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని మిల్లు గేటు దగ్గర దించి వచ్చిన తండ్రులున్నారు. వాళ్లు రాక్షసులేం కాదు. ఆ బిడ్డ తెచ్చే కొద్ది పెన్నీలు లేకపోతే ఆ వారం ఇంటి అద్దె గడవదు.

తల్లులు కూడా మిల్లుకే పోయేవారు. పాలు తాగే పసికందును ఇంట్లో ఎవరో ముసలమ్మ దగ్గర వదిలేయాలి. బిడ్డ ఏడవకుండా ఉండటానికి నల్లమందు కలిపిన ఒక టానిక్కు పట్టేవారు. మందుల కొట్లలో బహిరంగంగా అమ్మిన సరుకే అది. అది తాగి నిద్రలోనే పోయిన పసిబిడ్డలెందరో.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన సంఘాల్లో ఇంత ముద్దుగా నడుపుకునే సండేస్కూలు ఈ పిల్లల వల్లే వచ్చింది. 1780లో గ్లౌసెస్టర్ పట్టణంలో రాబర్ట్ రేక్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు ఆ పిల్లలకు వారంలో ఖాళీ ఉన్నది ఆదివారం ఒక్కటే. బైబిలుతోపాటు అక్షరాలు కూడా ఆ రోజే నేర్పాలి. కానీ ఆరు రోజులు మిల్లులో నిలబడిన పిల్లవాడు ఏడో రోజు బల్ల మీద కూర్చోగానే ఏం చేస్తాడు? నిద్రపోతాడు. నాలుగో ఆజ్ఞలో దేవుడు యజమానికి మాత్రమే విశ్రాంతి చెప్పి ఊరుకోలేదు. దాసుడు, దాసి, చివరికి ఎద్దు, గాడిద కూడా ఆ ఆజ్ఞలో ఉన్నారు. ద్వితీయోపదేశకాండంలో అదే ఆజ్ఞను మళ్లీ చెప్పినప్పుడు, మీరూ ఐగుప్తులో దాసులుగా ఉన్నవారేనని ప్రజలకు గుర్తుచేశాడు. ఇటుకల లెక్క తగ్గకూడదని ఫరో పెట్టిన హింస నుంచి విడిపించిన దేవుడు పని గంటల గురించి పట్టించుకోడని ఎలా అనుకుంటాం?

ఈ అన్యాయాన్ని మొదట బయటపెట్టిన ఘనత ఆష్లీది కాదు. 1830లో బ్రాడ్‌ఫర్డులో జాన్ వుడ్ అనే ఉన్ని మిల్లు యజమాని రిచర్డ్ ఓస్ట్లర్ అనే మిత్రుణ్ని ఇంటికి పిలిచారు. రాత్రంతా నిద్ర పట్టక బైబిలు చదువుతూ కూర్చున్నానని, ఏ పుట తిప్పినా తన మిల్లులోని పిల్లల విషయంలో అది తనను దోషిగా నిలబెట్టిందని చెప్పి, ఈ పిల్లల కోసం ఏదైనా చేయమని మాట తీసుకున్నారు. ఓస్ట్లర్ వెంటనే పత్రికకు ఉత్తరం రాశారు. వెస్టిండీస్ బానిసల కోసం కన్నీళ్లు పెట్టుకునే యార్క్‌షైర్ భక్తులు తమ ఊరి మిల్లుల్లోని బానిసత్వాన్ని చూడరేమని నిలదీశారు. ఆ ఉత్తరంతో నిప్పు రాజుకుంది. పార్లమెంటులో మైకేల్ శాడ్లర్ అనే సభ్యుడు పది గంటల పని బిల్లు ప్రవేశపెట్టి, 1832లో మిల్లు కూలీల సాక్ష్యాలు తీసుకున్నారు. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో లీడ్స్ పట్టణంలో శాడ్లర్ ఓడిపోయారు. ఆయన్ను ఓడించినవారిలో ఒకరు మెకాలే. మన దేశంలో ఇంగ్లిషు చదువుల గురించి మాట్లాడినప్పుడల్లా వినిపించే మెకాలే ఆయనే.

బిల్లు అనాథ అయింది. దాన్ని ఎత్తుకునే మనిషి కోసం బుల్ అనే ఒక పల్లె పాస్టరు 1833 ఫిబ్రవరిలో లండన్ వచ్చి గుమ్మం గుమ్మం తిరిగారు. చివరికి ఆష్లీ గుమ్మం ఎక్కారు. ఆష్లీకి అప్పుడు 31 ఏళ్లు. మిల్లులతో ఏ సంబంధమూ లేని భూస్వామి కుటుంబం. ఒక రోజు గడువు అడిగి, ప్రార్థన చేసుకుని, భార్య ఎమిలీతో మాట్లాడారు. ఈ దారిలో ఎంత శ్రమ ఉందో, పదవులు ఎలా దూరమవుతాయో దాచకుండా ఆమె ముందు పెట్టారు. ముందుకే వెళ్లమని ఆమె ధైర్యం చెప్పారు. పెళ్లై మూడేళ్లు కూడా నిండని రోజులవి. వారికి మొత్తం పదిమంది పిల్లలు పుట్టారు.

ఆయన పెట్టిన పది గంటల బిల్లు ఆ ఏడాది నెగ్గలేదు. దాని బదులు ప్రభుత్వం తన చట్టం తెచ్చింది. 9 ఏళ్ల లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టకూడదు. 9 నుంచి 13 ఏళ్ల వారికి వారానికి 48 గంటలు, 18 ఏళ్ల లోపు వారికి 69 గంటలు. చిన్న పిల్లలకు రోజూ రెండు గంటలు చదువు. దేశం మొత్తానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లు. నలుగురే! అయినా ఇన్‌స్పెక్టరు అనేవాడు మొదటిసారి మిల్లు గడప తొక్కడం గొప్ప మార్పు. అంతకుముందు చట్టాలు ఉన్నా అడిగేవాడు లేక కాగితం మీదే ఉండిపోయాయి.

ఆష్లీ కాగితాలు చదివి మాట్లాడే మనిషి కాదు. స్వయంగా ఆ ఊళ్లకు వెళ్లేవారు. మిల్లు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి బయటకొచ్చే పిల్లల ముఖాలు చూసేవారు. బ్రాడ్‌ఫర్డులో ఒక మిత్రుడు మిల్లుల్లో పనిచేసి అవిటివారైన వారిని ఒకచోట పోగుచేసి చూపించారు. మోకాళ్లు లోపలికి, నడుములు పక్కకు వంగిపోయి, ఒక్కొక్కరు అక్షరమాలలోని ఒక్కో అక్షరంలా కనిపించారని నలభై ఏళ్ల తరువాత కూడా ఆయన లార్డ్స్ సభలో గుర్తుచేసుకున్నారు. స్టాక్‌పోర్టులో ఒక మిల్లులో కంచె లేని యంత్రపు ఇరుసు ఒక అమ్మాయి బట్టల్ని లాగేసుకుని ఆమెను నుజ్జు చేసింది. యజమాని ఆమెకు గాయమైన రోజు కూలీ కూడా కోతవేసే రకం మనుషుల కాలం అది. ఆష్లీ తన పూచీ మీద 1840లో కోర్టులో దావా నడిపించి 100 పౌండ్ల పరిహారం ఇప్పించారు. 1844లో వచ్చిన చట్టంలో యంత్రాలకు కంచె కట్టడం తప్పనిసరి అయింది.

ఆయన్ను ఎదిరించింది ఎవరు? ఇది చదివేవారికి కాస్త కష్టంగా ఉంటుంది. ఎదిరించినవారిలో చాలామంది ఆదివారం తప్పకుండా ఆరాధనకు వెళ్లేవారే. మిల్లు యజమానుల్లో చర్చిలు కట్టించినవారు, మిషనరీలకు విరాళాలిచ్చినవారు ఉన్నారు. క్వేకరు విశ్వాసి జాన్ బ్రైట్ మంచి మనిషి, పేదల రొట్టె ధర తగ్గాలని పోరాడినవాడు. ఆయనా మిల్లు యజమానే, ఆయనా పది గంటల బిల్లును వ్యతిరేకించాడు. గంటలు తగ్గిస్తే మిల్లులు మూతపడతాయి, విదేశీ పోటీకి తట్టుకోలేం, కూలీలకే నష్టం అని వాదన. నాసా సీనియర్ అనే ఆర్థికవేత్త 1837లో లెక్కలు వేసి మిల్లు లాభమంతా రోజులో చివరి గంటలోనే వస్తుందని తేల్చాడు. ఆ చివరి గంట తీసేస్తే ఇక సున్నాయే అన్నమాట. పని గంటలు తగ్గాక మిల్లులు మూతపడలేదు, లాభాలూ ఆగలేదు. ఆ లెక్క తప్పని కాలమే చెప్పింది.

1841లో సర్ రాబర్ట్ పీల్ ప్రధాని అయి ఆష్లీకి రాజగృహంలో పదవి ఇస్తానన్నారు. అప్పటికి ఆష్లీకి డబ్బు అవసరం చాలా ఉంది. తండ్రి ఇచ్చేది చాలదు, పిల్లలు పెరుగుతున్నారు, అప్పులున్నాయి. కానీ పీల్ పది గంటల బిల్లును సమర్థించే మనిషి కాదు. ఆ పదవి తీసుకుంటే ఉత్తరాది కూలీలు తనను అమ్ముడుపోయాడనుకుంటారని ఆష్లీ వద్దన్నారు.

మరుసటి ఏడాది బొగ్గు గనుల నివేదిక వచ్చింది. ఆష్లీ పట్టుబట్టి వేయించిన కమిషన్ ఇచ్చిన నివేదిక అది. అందులో బొమ్మలు కూడా వేశారు. ఆ బొమ్మలు చూసి దేశం నివ్వెరపోయింది. అయిదారేళ్ల పిల్లలు గనిలో గాలి తలుపు తీసి మూయడానికి చీకట్లో ఒంటరిగా పన్నెండు గంటలు కూర్చునేవారు. ఆడవాళ్లు నడుముకు పట్టీ, కాళ్ల మధ్య గొలుసు వేసుకుని నాలుగు కాళ్ల జంతువుల్లా బొగ్గు బండి లాగేవారు. 1842 జూన్ 7న ఆష్లీ రెండు గంటలసేపు మాట్లాడారు. ఆ ఏడాదే చట్టమైంది. ఆడవారు, 10 ఏళ్ల లోపు మగపిల్లలు గని లోపల పనిచేయకూడదు. అయితే ఆ చట్టం వల్ల చాలామంది ఆడవాళ్లకు ఉన్న జీతం పోయింది, బదులు పని ఎవరూ చూపలేదు. ఈ నిజాన్ని దాచి ఆయన్ను పొగడటం మాకు ఇష్టం లేదు.

ఆయన్ను బాగా నొప్పించిన దెబ్బ ఇంకోటుంది. డోర్సెట్ జిల్లాలో వారి కుటుంబ ఎస్టేటు. అక్కడ తండ్రి కింద వ్యవసాయ కూలీలు అతి తక్కువ కూలికి, కూలిపోయే గుడిసెల్లో బతుకుతున్నారు. మిల్లు యజమానులు ఊరుకుంటారా? మా మిల్లుల సంగతి తరువాత, ముందు మీ పెరడు చూసుకోమన్నారు. 1843లో ఆష్లీ ఆ జిల్లాలోనే ఒక రైతుల విందులో లేచి, ఇక్కడి కూలీల స్థితి సిగ్గుచేటని బహిరంగంగా అన్నారు. తండ్రి మండిపడ్డాడు. కానీ ఎస్టేటు తండ్రిది, ఆష్లీ చేతిలో ఏమీ లేదు. 1851లో ఆస్తి చేతికొచ్చేసరికి దాని మీద కొండంత అప్పు. అయినా అప్పు మీద అప్పు చేసి కూలీలకు కొత్త ఇళ్లు కట్టించారు. ఆ అప్పుల బాధ చివరిదాకా వదల్లేదు.

1844 మార్చిలో పది గంటల ప్రతిపాదన కామన్స్ సభలో కొద్ది ఓట్లతో నెగ్గింది. ఉత్తరాది ఊళ్లలో సంబరాలు. అంతలో ప్రధాని పీల్ రాజీనామా చేస్తానని బెదిరించారు. మే నెలలో మళ్లీ ఓటు పెడితే 138 ఓట్ల తేడాతో ఓడిపోయింది. రెండు నెలల క్రితం చేతులెత్తినవారే కూర్చుండిపోయారు.

1846 జనవరిలో ఆయన మళ్లీ బిల్లు పెట్టారు. కానీ అప్పుడే ధాన్యం దిగుమతి సుంకాల గొడవ వచ్చింది. సుంకాలు ఉండాలనే రైతుల ఓట్లతో ఆయన గెలిచారు. ఇప్పుడు తన అభిప్రాయం మారింది. సుంకాలు తీసేయక తప్పదని ఆయనకు తోచింది. ఒక మాట చెప్పి గెలిచి ఇంకో మాటకు ఓటు వేయడం న్యాయం కాదని సభ్యత్వానికే రాజీనామా చేశారు. బిల్లు పెట్టిన రెండు రోజులకే! పదమూడేళ్లు మోసిన బిల్లును ఇంకొకరి చేతిలో పెట్టి బయటకు నడిచారు. తీసుకున్నది జాన్ ఫీల్డెన్. ఆయన స్వయంగా మిల్లు యజమాని, చిన్నప్పుడు తండ్రి మిల్లులో పనిచేసి ఆ ఒంటి నొప్పులు తెలిసినవాడు. 1846లో పది ఓట్లతో ఓడిన బిల్లు 1847 జూన్‌లో చట్టమైంది. ఆడవారికి, 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు పది గంటలు. చట్టంలో మగవారి మాట లేదు. కానీ ఆడవాళ్లు, పిల్లలు వెళ్లిపోయాక మిల్లు నడవదు కాబట్టి వాళ్లకూ ఆ గంటలే దక్కుతాయని అందరికీ తెలుసు. చట్టం వచ్చిన రోజు ఆష్లీ సభలో లేరు. నెబో కొండ మీద నుంచి వాగ్దాన దేశాన్ని చూసిన మోషే మనకు గుర్తురాక మానడు. ఆయన మాత్రం ఆ ఖాళీ కాలంలో లండన్ మురికివాడల్లో దిక్కులేని పిల్లల బడులు చూసుకుంటూ తిరిగారు.

అంతటితో అయిపోలేదు. యజమానులు పిల్లల్ని, ఆడవాళ్లను జట్లుగా విడగొట్టి, మధ్యలో బయటకు పంపి మళ్లీ పిలిచి, మిల్లును రోజంతా నడిపారు. పది గంటలు దాటలేదంటారు, కానీ ఆ మనిషి తెల్లవారు నుంచి రాత్రిదాకా మిల్లు చుట్టూ తిరగాల్సిందే. ఏ ఇన్‌స్పెక్టరూ లెక్క తేల్చలేడు. 1850 ఫిబ్రవరిలో కోర్టు ఆ పద్ధతి చట్టసమ్మతమే అంది. అప్పుడు ప్రభుత్వం ఒక రాజీ ప్రతిపాదించింది. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 లోపే పని, భోజనానికి గంటన్నర, శనివారం మధ్యాహ్నం 2కే మిల్లు బంద్. అంటే రోజుకు పదిన్నర గంటలు, వారానికి 60. పదికి అరగంట ఎక్కువ. జట్ల మోసం ఆగాలంటే ఇదొక్కటే దారని ఆష్లీ ఒప్పుకున్నారు.

కూలీ సంఘాల నాయకులు ఆయన్ను ద్రోహి అన్నారు. పదిహేడేళ్లు యజమానుల చేత తిట్లు తిన్న మనిషి ఇప్పుడు ఎవరికోసం తిన్నాడో వాళ్ల చేతే తిన్నాడు. ఆయన మేలు చేశారా, తొందరపడ్డారా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటారు. మాకు మాత్రం ఆయన చేసింది సరైనదనే అనిపిస్తుంది. కూలివాడికి గడియారం మీద నమ్మకం కావాలి. ఆరు కొట్టగానే యంత్రం ఆగుతుందని తెలిస్తే తల్లి పొయ్యి వెలిగించుకుంటుంది, తండ్రి పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, కుర్రవాడు రాత్రి బడికి వెళతాడు. మా సంఘంలో షిఫ్టుల్లో పనిచేసే కుటుంబాలున్నాయి. ఓవర్‌టైమ్ ఎప్పుడు పడుతుందో తెలియని ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎన్ని గంటలకు పెట్టుకోవాలో కూడా తెలియదు. ఇక ఆ శనివారం మధ్యాహ్నం సెలవు ఇంగ్లండు బతుకునే మార్చింది. అక్కడ ఫుట్‌బాల్ ఆటలు శనివారం మధ్యాహ్నమే జరిగే ఆనవాయితీ అలా వచ్చిందే.

కోపం చల్లారాక కూలీలు ఆయన్ను మరచిపోలేదు. 1859లో మాంచెస్టర్‌లో ఉత్తరాది మిల్లు కార్మికులు తమలో తాము చందాలు వేసుకుని ఆయన రాతి ప్రతిమ ఒకటి చెక్కించి ఆయన భార్యకు బహూకరించారు. మిల్లు జీతంలోంచి వచ్చిన చిల్లర డబ్బులవి. ఎమిలీకి ఇవ్వడంలో వాళ్లు చాలా తెలివైన పని చేశారని మాకు అనిపిస్తుంది. ఆ ఇంట్లో అసలు ఖర్చు ఎవరు భరించారో వాళ్లకు తెలిసింది.

ఆయనలో లోపాలు లేవా? ఉన్నాయి. తరచు దిగులులో కూరుకుపోయేవారు. కూలివారిని ప్రేమించారు గానీ వారికి ఓటు ఇవ్వాలంటే భయపడ్డారు. పేదల మధ్య పనిచేసే సాల్వేషన్ ఆర్మీని కూడా ఆయన నమ్మలేదు. సిద్ధాంతంలో తనతో ఏకీభవించనివారి మీద నోరు కటువుగా ఉండేది. తండ్రిలా చూసుకోవాలనుకున్నారే గానీ, వారూ తమ గురించి తాము నిర్ణయించుకోగల పెద్దలని ఒప్పుకోవడం ఆయనకు కష్టమైంది.

ఆయన వాడే కవర్ల మీద గ్రీకు భాషలో ఒక చిన్న ప్రార్థన అచ్చు వేయించుకున్నారు. ప్రభువు త్వరగా రావాలన్న ప్రార్థన. రెండవ రాకడ ఆయన ఊపిరి. ప్రభువు ఎలాగూ వస్తున్నాడు కదా, ఈ లోకం బాగోగులు మనకెందుకు అనే బోధ మన మధ్య కూడా వినిపిస్తుంది. ఆ రాకడ కోసం ఎదురుచూస్తూ కూర్చుని, ఆ కవర్లలోనే ఆయన మిల్లు ఇన్‌స్పెక్టర్లకు, మంత్రులకు, పొగగొట్టాలు శుభ్రం చేసే పిల్లల గురించి పోలీసులకు ఉత్తరాలు పంపారు. ఆ పొగగొట్టం పిల్లల చట్టం 1875లో గానీ పూర్తిగా అమలుకు నోచుకోలేదు. ఆ ఏడాదే కేంబ్రిడ్జి దగ్గర జార్జ్ బ్రూస్టర్ అనే పసివాడు గొట్టంలో ఇరుక్కుని చనిపోయాక దేశం కదిలింది. అప్పటికి ఆయన వయసు 74.

ఈ కథకు మన దేశంతో కూడా సంబంధముంది. 1850లలో బొంబాయిలో నూలు మిల్లులు మొదలయ్యాయి. అక్కడా అదే కథ. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పని, ఏడేళ్ల పిల్లలు, కంచె లేని యంత్రాలు. 1870లలో ముసలి షాఫ్ట్స్‌బరీ లార్డ్స్ సభలో భారతదేశపు మిల్లు పిల్లల గురించి లేచి అడిగారు. ఆయన వెనక చేరినవారిలో లాంకషైర్ యజమానులు కూడా ఉన్నారు. వాళ్లకు మన పిల్లల మీద ప్రేమ కన్నా బొంబాయి బట్ట పోటీ తగ్గాలన్న ఆశ ఎక్కువ. అందుకే ఇక్కడి జాతీయవాదులు ఆ చట్టాన్ని అనుమానించారు. ఆ అనుమానం న్యాయమైనదే. అయినా బొంబాయిలో సోరాబ్జీ షాపూర్జీ బెంగాలీ అనే పార్సీ పెద్దమనిషి ఏ స్వార్థమూ లేకుండా ఇదే పోరాటం చేశారు. 1881లో మొదటి భారత ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. 7 ఏళ్ల లోపు పిల్లల్ని పెట్టకూడదు, 12 లోపు వారికి 9 గంటలు, నెలకు నాలుగు సెలవులు. వంద మందికి పైగా పనిచేసే మిల్లులకే అది వర్తించింది. చూడటానికి చాలా చిన్న చట్టం. 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో పెట్టకూడదన్న 1948 చట్టం దాకా నడిచిన దారి అక్కడ మొదలైంది.

1872లో ఎమిలీ, ఆ వెంటనే ఒక కూతురు చనిపోయారు. అంతకుముందే ఇద్దరు కొడుకులు పోయారు. ఆయన ఒంటరిగా మరో పదమూడేళ్లు పనిచేశారు. చివరి రోజుల్లో, లోకంలో ఇంత దుఃఖం మిగిలి ఉండగా దాన్ని వదిలి వెళ్లాల్సి రావడమే తట్టుకోలేకపోతున్నానని చెప్పుకున్నారు. పరలోక నిరీక్షణ అంత గట్టిగా ఉన్న మనిషి నోట ఆ మాట రావడం మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1885 అక్టోబరు 1న ఫోక్‌స్టన్ పట్టణంలో సముద్రం ఒడ్డున ఉన్న ఇంట్లో కన్నుమూశారు.

అక్టోబరు 8న వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఆరాధన జరిగింది. వీధుల పొడవునా పూలమ్మే అమ్మాయిలు, తోపుడుబండ్లవాళ్లు, దిక్కులేని పిల్లల బడుల్లో చదువుకున్నవాళ్లు నిలబడ్డారు. నల్లబట్ట కొనే స్తోమత లేనివారు చేతికి ఒక నల్ల పీలిక కట్టుకున్నారు. రాజులు, మహాకవుల పక్కన ఆబేలోనే సమాధి చేస్తామని అక్కడి పెద్దలు ముందే చెప్పారు గానీ ఆయన ఒప్పుకోలేదు. దేహాన్ని డోర్సెట్‌లోని సెయింట్ గైల్స్ అనే సొంత ఊరికి తీసుకెళ్లారు. ఒకప్పుడు ఆయన సిగ్గుపడిన ఆ పల్లెలో, ఆయన కట్టించిన ఇళ్లలోని కూలీలు చూస్తుండగా, చిన్న చర్చిలో ఎమిలీ దగ్గరే పడుకోబెట్టారు.